దొరికిన వస్తువుల పెట్టెలో ఈస్టర్ గుడ్లు

సభకు అధ్యక్షత వహించిన మా ప్రధానోపాధ్యాయురాలు నగతా గారికి, పట్టణ విద్యామండలి పెద్దలకు, ముందు వరుసలో మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న మా పాత ప్రధానోపాధ్యాయులు మియోషి గారికి, పిల్లల తల్లిదండ్రులకు, తాతలకు, నానమ్మలకు, ఈ చెక్క నేల మీద వరుసలు కట్టి కూర్చుని నా మాటలు ఎప్పుడు ముగుస్తాయా అని చూస్తున్న పిల్లలకు, అందరికీ మోరాగ్ టీచర్ నమస్కారం.

మార్చి నెలాఖరు వచ్చినా ఈ వ్యాయామశాలలో చలి తగ్గలేదు. రెండు కిరోసిన్ స్టవ్వులు పెట్టారు గానీ రెండూ పెద్దల వైపే ఉన్నాయి. అందుకని తక్కువ మాట్లాడతానని మాట ఇస్తున్నాను. మియోషి గారు తల ఊపుతున్నారు. తన వీడ్కోలు సభలో ఆయన కూడా ఇదే మాట ఇచ్చి, స్టవ్వుల్లో కిరోసిన్ అయిపోయేదాకా మాట్లాడారు. (నవ్వులు)

కొత్త సంవత్సరం వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇసోబె పట్టణంలో నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. ఉంటారా, వెళ్ళిపోతారా? చేపల దుకాణంలో అడిగారు, పోస్టాఫీసులో అడిగారు, పళ్ళ డాక్టరు గారైతే నా నోట్లో అద్దం పెట్టి, జవాబు చెప్పే వీలు లేకుండా చేసి మరీ అడిగారు. అడగడం సహజమే. నేనుంటున్న క్వార్టరు విద్యామండలిది, రిటైరవుతున్నాను కాబట్టి ఈ నెలాఖరుకి తాళంచెవి అప్పగించాలి. స్కాట్లాండ్‌లో మా అక్క ఎల్స్‌పెత్ నా కోసం గది సిద్ధం చేసి గోడలకు రంగు కూడా వేయించింది. ఇక్కడ, నాలుగో వరుస చివర కూర్చున్న అయనె, తాను డబ్బాల్లో భోజనం కట్టి అమ్మే దుకాణం పైన గది ఖాళీగా ఉంది రమ్మంటోంది. రెండు గదులకూ కిటికీ సముద్రం వైపే. ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను, కానీ చివర్లో. ముందే చెబితే వెనక వరుసలవాళ్ళు టీ బల్ల దగ్గరికి వెళ్ళిపోతారని ఇన్నేళ్ళ అనుభవం మీద నాకు తెలుసు. (నవ్వులు)

ఉండటమా, వెళ్ళటమా అన్న ప్రశ్న నాకు కొత్త కాదు. ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడాదే ఎదురైంది. దానికి అప్పుడు జవాబు చెప్పింది నేను కాదు. ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో ఈ సభలో సగం మందికి తెలుసు. తెలియని సగం కోసం, ముఖ్యంగా నా తర్వాత రాబోయే టీచర్ కోసం, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇక్కడికి రాకముందు నేను మా ఊరి వారపత్రికలో విలేకరిని. రేవులో ఏ పడవ ఎంత చేప దించింది, ఎవరి గొర్రెకు బహుమతి వచ్చింది, ఎవరు పోయారు, ఇవే నా వార్తలు. పత్రిక మూతపడింది. నడివయసులో ఉన్న నాకు కొత్త ఉద్యోగం ఇచ్చేవాళ్ళు మా వైపు లేరు. జపాన్‌లో ఒక చిన్న రేవు పట్టణంలో ఏడాదిపాటు ఇంగ్లీషు చెప్పే పని ఉందని చూసి వచ్చాను. ఆగస్టులో దిగాను. శీతాకాలం గడిచేసరికి, ఏడాది తర్వాత వెళ్ళాలని లేదని నాకు తెలిసిపోయింది. కారణం గొప్పదేమీ కాదు. పొద్దున పడవలు రేవుకొచ్చే చప్పుడు మా ఊళ్ళో లాగే ఉండేది. ఆ చప్పుడు విన్నాక, వార్త రాయాల్సిన పని లేకుండా మళ్ళీ నిద్రపోవచ్చు.

అయితే ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు అప్పటికింకా ప్రయోగమే. దాన్ని కొనసాగించాలా, నాతో ఒప్పందం పొడిగించాలా అన్నది విద్యామండలి నిర్ణయిస్తుంది. మండలి తరఫున ఒచియాయ్ గారు ఏప్రిల్‌లో వచ్చి ఒక పాఠం చూస్తారని చెప్పారు. మియోషి గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒచియాయ్ గారి గురించి రెండు మాటలు చెప్పారు. ఆయన మంచివారు, పాఠం మధ్యలో నవ్వరు. “మీ దేశపు పండుగ ఏదైనా చేద్దామమ్మా. పిల్లలు బెంచీల్లోంచి లేస్తే సగం గెలిచినట్టే” అన్నారు. అక్టోబరు పండుగలు, డిసెంబరు పండుగలు ఎలాగూ దాటిపోయాయి. మిగిలింది ఈస్టర్. అది ఆదివారం పండుగ. కానీ మా వైపు సోమవారం కూడా గుడ్లతో ఆడతారు కాబట్టి సోమవారం పెట్టుకున్నాం.

ఆట మీ అందరికీ తెలిసిందే. ఉడికించిన గుడ్లకు రంగులు వేసి దాచిపెడతారు, పిల్లలు వెతుకుతారు, ఎవరికి దొరికింది వాళ్ళు తింటారు. చిన్నప్పుడు మా అమ్మ బొగ్గుల గదిలో కూడా దాచేది. ముందు శుక్రవారం వంటగది వాళ్ళు గుడ్లు ఉడికించి ఇచ్చారు. చిన్న తరగతుల పిల్లలు తలా ఒక గుడ్డుకు రంగు వేశారు. నేనూ ఒకదానికి నీలం రంగు వేసుకున్నాను. అప్పుడు ఒకటో తరగతి టీచర్ లేచి, పేర్లు రాయించలేదేమని అడిగారు. పేరు లేకపోతే ఎవరిది ఎవరిదో ఎలా తెలుస్తుంది? నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఈ బడిలో పేరు లేని వస్తువు ఉండదు. చెప్పులకు పేరు, గొడుగుకు పేరు, లెక్కల పెట్టెలో పుల్ల పుల్లకీ తల్లులు కూర్చుని పేర్లు రాస్తారు. అందరూ గుడ్ల మీద పేర్లు రాశారు. కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో నా నీలం గుడ్డు మీద నా పేరు నేనూ రాసుకున్నాను. చాలా గర్వపడ్డాను కూడా.

నగతా గారు అప్పుడే నవ్వుతున్నారు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు తర్వాత ఏం జరగబోతోందో ఇక్కడికే తెలిసిపోతుంది. (నవ్వులు)

సోమవారం పొద్దున గుడ్లు దాచాను. మైదానం చుట్టూ, ఈత కొలను గట్టు మీద, పూలకుండీల వెనక, చెర్రీ చెట్ల మొదళ్ళలో. నా గుడ్డు ప్రహరీ గోడ మీద పెట్టాను. ఒచియాయ్ గారు బూడిదరంగు సూటులో వచ్చి, పలకరించి, మడతకుర్చీలో కూర్చున్నారు. పిల్లలకు నేను నేర్పిన వాక్యం ఒక్కటే. ఐ ఫౌండ్ ఇట్. నాకు దొరికింది. గుడ్డు తీసుకుని నా దగ్గరికి రావాలి, ఆ వాక్యం చెప్పాలి, నేనిచ్చే కాగితం బుట్టలో గుడ్డు పెట్టుకుని కూర్చుని తినాలి. దొరికినవాళ్ళదే గుడ్డు అని నేను చెప్పాను, మియోషి గారు జపనీస్‌లో ఇంకోసారి చెప్పారు. అర్థమైందా అంటే అందరూ అయిందన్నారు.

ఈల వేశాను, పరుగెత్తారు. సముద్రం వెనక్కి తగ్గాక రాళ్ళ సందుల్లో నత్తలు ఏరే పిల్లలు వాళ్ళు. వాళ్ళకు మైదానంలో గుడ్లు వెతకడం ఒక పనా? చూస్తుండగానే ఏరేశారు. కానీ నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. బుట్టలన్నీ బల్ల మీదే ఉన్నాయి. కాసేపటికి మైదానంలో మిగిలింది నేను, మియోషి గారు, కుర్చీలో ఒచియాయ్ గారు, ఒక కాకి. పండుగలో పిల్లలే లేరు. ఒచియాయ్ గారు గడియారం చూసుకోవడం నేను చూశాను. ఆగస్టులో వెళ్ళిపోతున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను.

(కొద్దిగా ఆగి) నీళ్ళు తాగుతాను. వెనక కూర్చున్నవాళ్ళు లేవకండి, ఇది విరామం కాదు. (నవ్వులు)

వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాం. పిల్లలందరూ వసారాలో ఉన్నారు. బూట్లు విప్పి, లోపలి చెప్పులు వేసుకుని, టీచర్ల గది ముందు వరుసలో నిలబడ్డారు. ఆ గది తలుపు పక్కన దొరికిన వస్తువుల పెట్టె ఉంటుంది. ఎక్కడో పడిపోయిన చేతిరుమాలు, రబ్బరు ముక్క, ఒంటి సాక్సు దొరికితే అందులో వేస్తారు, సొంతదారు వచ్చి తీసుకుంటాడు. వరుసలో ముందున్న యూసకు అనే మూడో తరగతి కుర్రాడు రెండు చేతులతో ఎర్ర గుడ్డు పట్టుకుని, పెట్టె దగ్గర నిలబడ్డ టీచర్‌తో ఐ ఫౌండ్ ఇట్ అని స్పష్టంగా చెప్పి, గుడ్డు పెట్టెలో పెట్టి, వంగి నమస్కారం చేసి పక్కకు తప్పుకున్నాడు. తర్వాతి పిల్ల కూడా అంతే. ఆ తర్వాతివాడూ అంతే.

నేను యూసకు పక్కన వంగి, ఆ గుడ్డు నీదే కదా, తినవచ్చు కదా అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు.

“టీచర్, దాని మీద రికుతో పేరుంది. నేనెట్లా తింటాను? వాడు ఏడవడా?”

(నవ్వులు) ఇంతలో గుడ్డు వేసినవాళ్ళు మళ్ళీ వచ్చి, పెట్టెలో తమ పేరున్న గుడ్డు చూసుకుని, అది తెచ్చినవాళ్ళెవరో కనుక్కుని, వాళ్ళకి థాంక్యూ చెప్పి తీసుకోవడం మొదలుపెట్టారు. థాంక్యూ చెప్పమని నేను ఆ రోజు చెప్పలేదు.

ఒచియాయ్ గారు వసారాలో గోడకు ఆనుకుని ఇదంతా చూస్తున్నారు. నవ్వలేదు. సరిగ్గా అప్పుడే పోలీసు వచ్చాడు.

తొకునాగా గారూ, ఒకసారి చెయ్యెత్తండి. చూశారా, ఇప్పుడు తోటలో ముల్లంగి వేసుకుంటున్నారు గానీ, ఆ రోజుల్లో బడి ఎదుట పోలీసు ఔట్‌పోస్టులో ఉండేవారు. టోపీ పెట్టుకుని, తెల్ల చేతితొడుగులు వేసుకుని లోపలికి వచ్చారు. ఒక చేతిలో తువ్వాలు మీద నా నీలం గుడ్డు. రెండో చేయి పట్టుకుని ఒకటో తరగతి పిల్ల, తలమీద పసుపు టోపీ. ఆ పిల్ల అయనె. బడిలో చేరి అప్పటికి రెండో వారం.

జరిగింది ఇదీ. గోడ మీది గుడ్డును కాకి ఎత్తుకెళ్ళి రోడ్డు మీద పడేసింది. గుడ్డు పగిలింది, పేరు మిగిలింది. వెతుక్కుంటూ గేటు దాకా వెళ్ళిన అయనెకు అది రోడ్డు మీద కనిపించింది. బడిలో దొరికితే పెట్టెలో వేయాలి. ఇది బడి బయట దొరికింది. ఆమె నానమ్మ ముందు వారమే చెప్పి పంపిందట. “రోడ్డు మీద దొరికింది నీది కాదే తల్లీ, పోగొట్టుకున్నవాళ్ళది. పోలీసాయనకిచ్చెయ్.” ఆ పిల్ల రోడ్డుకు రెండు వైపులా చూసి, చెయ్యెత్తి దాటి, పోలీసాయనకిచ్చేసింది.

తొకునాగా గారు నా ముందు నిలబడి సెల్యూట్ చేశారు. నేను ఎన్నో పోలీసు స్టేషన్లు తిరిగిన విలేకరిని. ఇంత గంభీరంగా నాతో మాట్లాడిన పోలీసును అంతకుముందు చూడలేదు.

“ఈ గుడ్డు మీదేనా అండీ?”

నాదేనన్నాను.

“అయితే దయచేసి తీసుకోండి. సొంతదారు తీసుకున్నప్పుడు, తెచ్చిచ్చినవాళ్ళకు విలువలో నూటికి అయిదు నుంచి ఇరవై దాకా బహుమానం అడిగే హక్కు చట్టంలో ఉంది. ఈ అమ్మాయిని అడిగాను. అడుగుతానంటోంది.” (పెద్దగా నవ్వులు)

అయనె తలదించుకోలేదు. నావైపే చూస్తోంది. నూటికి ఇరవై అంటే ఐదో వంతు. వంటగదిలోంచి కత్తి, ఉప్పు తెప్పించారు మియోషి గారు. టీచర్ల గదిలో, నా బల్ల మీద, పోలీసు సమక్షంలో ఆ గుడ్డును పొడవునా ఐదు ముక్కలు చేశాను. మొదటి ముక్క అయనెకిచ్చాను. ఆ పిల్ల ఐ ఫౌండ్ ఇట్ అని చెప్పి, నిలబడి తినకూడదని గుర్తొచ్చి కుర్చీలో కూర్చుని తింది.

ఒచియాయ్ గారు బల్ల దగ్గరికి వచ్చారు.

“మిగతా నాలుగు వంతులు ఏం చేస్తారు?” అన్నారు.

ఒకటి ఆయనకిచ్చాను. ఒకటి మియోషి గారికి, ఒకటి తొకునాగా గారికి. డ్యూటీలో ఉన్నానని తొకునాగా గారు కాసేపు ఆలోచించి తిన్నారు. చివరిది నేను తిన్నాను. ఒచియాయ్ గారు ఇంకాస్త ఉప్పు అడిగారు.

పాఠంపై తన అభిప్రాయం ఆయన వెళ్ళేటప్పుడు, గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ చెప్పారు. ఆయన ఇప్పుడు లేరు కాబట్టి ఆ మాటలు ఈ సభలో నేనే చెప్పాలి. “మీరు అనుకున్న పాఠం జరగలేదు. కానీ మన పిల్లలు ఒక అవసరం కోసం ఇంగ్లీషు మాట్లాడటం నేను ఇవాళే చూశాను. వచ్చే ఏడు కూడా గుడ్ల మీద పేర్లు రాయించండి.” వచ్చే ఏడు అన్నారని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మియోషి గారు నా మోచేతిని తట్టారు. అప్పుడు అర్థమైంది.

(కొద్దిగా ఆగి)

ఆ తర్వాత మన ఈస్టర్ ఎలా మారిందో మీకు తెలుసు, మీరే మార్చారు. మీరు పేర్లు రాయడం మానలేదు, నేను మానమని చెప్పలేదు. ఔట్‌పోస్టుకు కొత్త పోలీసు బదిలీ మీద వచ్చినప్పుడల్లా, ఏప్రిల్‌లో గుడ్లు వస్తాయి, చేతితొడుగులు శుభ్రంగా పెట్టుకోండి అని పాతాయన చెప్పి వెళుతున్నాడు. బడిలో పిల్లలు తగ్గుతూ వచ్చారు. ఒకటో తరగతిలో ఎనిమిది మందే చేరిన ఏడాది, దాచడానికి గుడ్లు మరీ తగ్గిపోతాయేమోనని బెంగపడ్డాను. అప్పుడు అయనె నానమ్మ ఒక గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉల్లిపాయ పొట్టుతో రంగు వేసి, దాని మీద తన పేరు, ఇంటి నంబరు రాసింది. నాదీ దాచిపెట్టు టీచరమ్మా, ఎవరైనా తెచ్చిస్తారు కదా అంది. మరుసటేడు ఆ వీధి వాళ్ళంతా ఇచ్చారు. ఇప్పుడు పిల్లల గుడ్ల కంటే పెద్దల గుడ్లే ఎక్కువ. ఏప్రిల్‌లో ఆ సోమవారం మధ్యాహ్నం పిల్లలు గుడ్లు పట్టుకుని కొండ మీది ఇళ్ళకు ఎక్కుతుంటే, తలుపులు ముందే తెరిచి ఉంటాయి. అయనె నానమ్మ చివరి ఏడు లేవలేక పడుకుని ఉండి కూడా, గుడ్డు తెచ్చిన పిల్లకు ఐదో వంతు తానే కోసి ఇస్తానని పట్టుబట్టింది. మా ఊళ్ళో మా అమ్మ చేసిన పండుగ ఇది కాదు. మా అక్కకు ఫోన్లో వివరిస్తే, మీరు గుడ్లు దాచడం లేదు, పంచిపెడుతున్నారు అంది. నేను కాదనలేదు.

ఇక మీ ప్రశ్న.

పోయిన వారం క్వార్టరులో నేను అట్టపెట్టెలు సర్దుతుంటే తొకునాగా గారు ముల్లంగి ఊరగాయ పట్టుకుని వచ్చారు. పెట్టెల వైపు చూశారు. వాటి మీద చిరునామా రాయలేదని గమనించారు. పోలీసు కదా. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

“టీచర్, ఆ చట్టం మీరు సగమే వాడుకున్నారు.”

మిగతా సగం ఏమిటన్నాను.

“సొంతదారు రాకపోతే, గడువు దాటాక వస్తువు దొరికినవాళ్ళదే. మీరొచ్చినప్పుడు గడువు ఆర్నెల్లు. ఇప్పుడు మూడు నెలలే.”

అంతే. వర్షం వచ్చేలా ఉందని వెళ్ళిపోయారు. నేను ఆ అట్టపెట్టెల మధ్య కూర్చుని చాలాసేపు ఆలోచించాను. విలేకరిని కాబట్టి వాస్తవాలు వరుసగా పెట్టుకున్నాను. నేను ఆగస్టులో ఈ రేవులో దొరికాను. ఆర్నెల్ల గడువు ముగిసిన ఆ ఫిబ్రవరి దాకా నన్ను అడుగుతూ ఎవరూ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. మా అక్క అడగడం మొదలుపెట్టింది పోయిన శీతాకాలంలో, తన మోకాలు నొప్పి మొదలయ్యాక. ఆమె అడిగినదాంట్లో ప్రేమ ఉంది, కానీ గడువు ఎప్పుడో దాటింది. (నవ్వులు, చప్పట్లు) ఆగండి, ఇంకా ఉంది. అక్కకు కూడా హక్కు లేకుండా పోకూడదు. చిన్నప్పుడు బొగ్గుల గదిలో గుడ్డు వెతికిపెట్టింది ఆమే. అందుకని నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఏడాదిలో ఐదో వంతు ఆమెది, అంటే మా ఊళ్ళో వేసవి. మిగతా నాలుగు వంతులు ఇక్కడ. ఆమె వెంటనే, ఆ గదికి రంగు వేయించిన ఖర్చు ఎవరిస్తారు అని అడిగింది. ఒప్పుకున్నట్టే. (నవ్వులు)

అయనె, ఏడవకు. పైగదిలో నీ బియ్యం బస్తాలు నెలాఖరు లోపల తీయించు.

ఈ బడిలో నన్ను కొనసాగనిచ్చిన విద్యామండలికి, ఇంగ్లీషు కంటే ముందు నాకు జపనీస్ నేర్పిన పిల్లలకు, అన్ని ఏప్రిళ్ళలోనూ గుడ్లు ఉడికించిన వంటగదివాళ్ళకు, ఈ సభ ఏర్పాటు చేసిన నగతా గారికి, నన్ను మధ్యలో ఆపని మియోషి గారికి కృతజ్ఞతలు. స్టవ్వులు ఇంకా వెలుగుతున్నాయి, గమనించగలరు.

ఈ ఏడు గుడ్లు దాచేది కొత్త టీచర్. నేనూ ఇక గుడ్డు ఇచ్చేవాళ్ళలో చేరుతున్నాను. నా గుడ్డుకు మళ్ళీ నీలం రంగే వేస్తాను. దాని మీద పేరు, కింద చిరునామా కూడా రాస్తాను. అయనె దుకాణం, పై అంతస్తు. దొరికినవాళ్ళు మెట్లెక్కి తెచ్చివ్వండి. ఉప్పు నా దగ్గర ఉంటుంది.

సెలవు.